రైతు కుటుంబాల ఆరోగ్యానికి ఊళ్లోనే ఆసరా: పని క్యాలెండర్ నుంచి ఏడాది లెక్క దాకా

ఒక ఊళ్లో మేం మొదటిసారి వైద్య శిబిరం పెట్టినప్పుడు జనం బాగానే వచ్చారు. టెంటు నిండింది, మందులు అయిపోయాయి, ఫొటోలూ బాగా వచ్చాయి. సాయంత్రం కూర్చుని పేర్ల పట్టిక తిరగేస్తే తేలిందేమిటంటే, వచ్చినవాళ్లలో ఆ సీజన్‌లో పొలంలోకి దిగుతున్నవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. మిగతా అందరూ ఊళ్లో ఉండే పెద్దవాళ్లు, దుకాణాలవాళ్లు, సెలవులో ఉన్నవాళ్లు. మేం టెంటు వేసింది ఉదయం పదింటికి, అదీ కోతల మధ్యలో. పంట చేలో ఉండగా రైతు బీపీ చూపించుకోవడానికి ఎందుకొస్తాడు?

కాబట్టి ఈ మార్గదర్శి శిబిరం ఎలా పెట్టాలో చెప్పదు. ఊళ్లోని రైతు కుటుంబాల ఆరోగ్యాన్ని ఏడాది పొడవునా కనిపెట్టుకుని ఉండే చిన్న ఏర్పాటు ఎలా చేసుకోవాలో చెబుతుంది. దీనికి కావలసినవి ముగ్గురు మనుషులు, ఒక బీపీ మిషను, ఒక నోటు పుస్తకం. మీరు నర్సు కావచ్చు, రైతు సంఘంలో పనిచేస్తుండవచ్చు, చదువుకుని ఊరికి తిరిగొచ్చినవారు కావచ్చు. డాక్టరు అయ్యుండక్కర్లేదు. డాక్టరు దగ్గరికి ఎవరిని, ఎప్పుడు పంపాలో తెలిస్తే చాలు.

1. ముగ్గుర్ని వెతకండి, కమిటీ వేయకండి

కమిటీ వేస్తే మొదటి మీటింగు అధ్యక్షుడు ఎవరన్న దగ్గరే అయిపోతుంది. ముగ్గురు చాలు. ఒకరు ఆరోగ్య విషయాలు తెలిసినవాళ్లు: నర్సు గానీ, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్త గానీ. ఒకరు స్వయంగా సేద్యం చేసేవాళ్లు. మూడో మనిషి రోజూ అందరి ఇళ్లకూ ఏదో ఒక పని మీద వెళ్లేవాళ్లు అయితే మంచిది. పాలు సేకరించే మనిషి, పశువుల డాక్టరు దగ్గర పనిచేసే సహాయకుడు, ట్రాక్టరు మెకానిక్కు లాంటివాళ్లన్నమాట. ఫలానా ఇంట్లో పాలు తగ్గాయనీ, ఫలానా ఆయన నెల రోజులుగా మోటారు బాగుచేయించుకోవడం లేదనీ అందరికన్నా ముందు వాళ్లకే తెలుస్తుంది. ఆ వార్తల విలువ మానసిక ఆరోగ్యం దగ్గరికి వచ్చేసరికి మీకే అర్థమవుతుంది.

ముగ్గురిలో కనీసం ఒక్కరైనా మహిళ ఉండాలి. లేకపోతే ఇంట్లో సగం మంది ఆరోగ్యం మీకు ఎప్పటికీ తెలియదు.

2. ముందు పని క్యాలెండర్ గీయండి

పెద్ద కాగితం మీద పన్నెండు నెలలు గీసి, నలుగురైదుగురు రైతుల్ని కూర్చోబెట్టుకుని అడగండి. దుక్కి ఎప్పుడు, నాట్లు ఎప్పుడు, పురుగుమందు కొట్టేది ఏ వారాల్లో, కోత, నూర్పిడి, పశువులు ఈనే కాలం, అప్పు వాయిదా కట్టే నెల. ఆ కింద రెండో వరుసలో అదే నెలల్లో వచ్చే జబ్బులు రాయండి. మందు కొట్టే వారాల కింద తలనొప్పి, వాంతులు, కళ్లమంట వస్తాయి. నీళ్లలో దిగే నెలల కింద జ్వరాలు, కాలి పుండ్లు. నూర్పిడి కింద దగ్గు, ఆయాసం. ఎండల కింద వడదెబ్బ. వాయిదా నెల కింద నిద్రలేమి.

ఈ కాగితమే మీ ఏడాది ప్రణాళిక. మందు కొట్టే వారాలకు పదిహేను రోజుల ముందు చేతి తొడుగుల గురించి మాట్లాడితే వింటారు. పంట ఇంటికొచ్చాక మాట్లాడితే తల ఊపి వెళ్లిపోతారు. బీపీ, షుగర్ లాంటి తీరిక పరీక్షలు పని పలచగా ఉన్న నెలలో పెట్టుకోండి. పాడి ఉన్న ఊళ్లో పొద్దున్నే, సాయంత్రం పాలు పితికే వేళ ఎవరి గుమ్మమూ తొక్కకండి. రాత్రి ఏడున్నర తర్వాత వెళ్తే ఇంటిల్లిపాదీ దొరుకుతారు.

3. "ఆరోగ్యం ఎలా ఉంది?" అని అడగకండి

అడిగితే "బాగానే ఉంది" అంటారు. వంద ఇళ్లలో అడిగినా అదే మాట. అబద్ధమేమీ కాదు, పొలానికి నడిచి వెళ్లగలిగినంత కాలం రైతు లెక్కలో అది బాగున్నట్టే.

దాని బదులు "ఈమధ్య ఏ పని వదిలేశారు?" అని అడగండి. ఒకసారి ఒకాయన దీనికి కాసేపు ఆలోచించి, "బస్తా నేను ఎత్తడంలేదమ్మా, అబ్బాయి ఎత్తుతున్నాడు" అన్నాడు. ఎందుకని అడిగితే గుండెల్లో బరువుగా ఉంటోందట, నాలుగు నెలల నుంచి. పక్కనే కూర్చున్న భార్యకే ఆ సంగతి తెలియదు. ఇంకో ఇంట్లో ఆవిడ సాయంత్రం పూట పొలానికి వెళ్లడం మానేసింది. మసక వెలుతురులో గట్టు కనబడడం లేదు. కంటిలో శుక్లం.

ఆడవాళ్లతో మాటలు విడిగా జరగాలి. మగవాళ్లు ఉన్నప్పుడు అత్తగారి మోకాళ్ల గురించీ పిల్లల జలుబు గురించీ చెబుతారు గానీ తమ గురించి చెప్పరు. ఇద్దరూ పాత్రలు తోముతూనో కూరలు తరుగుతూనో ఉంటే, చేతులు పనిలో ఉండి ఎదుటి మనిషి ముఖంలోకి చూడక్కర్లేకపోతే, అధిక రక్తస్రావం, గర్భసంచి జారడం, మూత్రంలో మంట లాంటివి బయటికొస్తాయి.

ఒక్కో ఇంటికి పుస్తకంలో రెండు పేజీలు కేటాయించండి. పేర్లు, వయసులు, వాడుతున్న మందులు, ఎవరు పురుగుమందు కొడతారు, ఎవరు పశువుల్ని చూస్తారు, అత్యవసరమైతే ఎవరి బండి దొరుకుతుంది. చివరిది మరిచిపోకండి.

4. పరీక్షలు: కొన్నే, కానీ సరిగ్గా

బీపీ చూడటం చాలా తేలికని అందరూ అనుకుంటారు, అందుకే ఎక్కువ తప్పులు అక్కడే జరుగుతాయి. గడ్డి మోపు దించి వచ్చిన మనిషి చేతికి వెంటనే పట్టీ చుట్టకూడదు. అయిదు నిమిషాలు కుర్చీలో ఆనుకుని కూర్చోనివ్వండి, పాదాలు నేలకు ఆనాలి, కాలు మీద కాలు వద్దు. చెయ్యి బల్ల మీద, గుండె ఎత్తులో ఉండాలి. చొక్కా మీద నుంచి పట్టీ చుట్టకూడదు. అంతకు ముందు అరగంటలో టీ, బీడీ, సిగరెట్ ఉండకూడదు, మూత్రం ఆపుకుని ఉండకూడదు. కొలుస్తున్నంతసేపూ ఆయనా మాట్లాడకూడదు, మీరూ మాట్లాడించకూడదు. వర్షాల గురించి కబుర్లు చెబుతూ తీసిన రీడింగు లెక్కలోకి రాదు. నిమిషం తేడాతో రెండుసార్లు తీసి రాయండి.

రెండు వేర్వేరు రోజుల్లో 140/90 గానీ అంతకు మించి గానీ ఉంటే డాక్టరు దగ్గరికి పంపాలి. పైది 180 గానీ కిందది 120 గానీ దాటి, దాంతోపాటు ఛాతీ నొప్పి, ఆయాసం, చూపు మసకబారడం, ఒక పక్క బలహీనత, మాట తడబడటం లాంటివి ఏవున్నా మర్నాటి దాకా ఆగకూడదు, అప్పుడే బండెక్కించాలి.

షుగర్ పరగడుపున 126 మిల్లీగ్రాములు, అంతకు మించి వస్తే ల్యాబులో మళ్లీ చూపించాలి. వేలి నుంచి చుక్క తీసే మిషను అనుమానం చెబుతుంది, జబ్బును నిర్ధారించదు. రక్తహీనత లెక్క గర్భవతులు కాని మహిళలకు 12 గ్రాముల కన్నా తక్కువ, మగవాళ్లకు 13 కన్నా తక్కువ. ధనుర్వాతం టీకా చివరిసారి ఎప్పుడు వేయించుకున్నారో అందరినీ అడగండి. మట్టి, పేడ, తుప్పు పట్టిన పనిముట్ల మధ్య బతికే కుటుంబాలకు ఇది అన్నిటికన్నా చౌకైన రక్షణ.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. రెండేళ్లు ఊరందరి బీపీ రాశాను. ఒకరోజు మా నర్సు పుస్తకం తిరగేసి, "అక్కా, మీ పేజీ ఏది?" అంది. లేదు. అప్పుడు చూస్తే 152/96. మీ ముగ్గురి ఇళ్ల పేజీలు పుస్తకంలో మొదట ఉండేట్టు చూసుకోండి.

5. పురుగుమందులు: ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి

ఊపిరి ద్వారా లోపలికి వెళ్తుందని భయపడి ముక్కుకు తువ్వాలు కట్టుకుంటారు. అది ఆవిరిని ఆపదు. పైగా తడిసిన గుడ్డ మందును ముఖానికి అంటిపెట్టి ఉంచుతుంది. చాలామంది ఒంట్లోకి మందు ఎక్కువగా పోయేది చర్మం గుండానే, అదీ కలిపేటప్పుడు ప్రమాదం మరీ ఎక్కువ. డబ్బాలో ఉండేది చిక్కటి మందు కదా. అందుకని డబ్బులు ఒక్క వస్తువుకే ఉంటే మోచేతి దాకా వచ్చే నైట్రైల్ (ఒక రకం కృత్రిమ రబ్బరు) తొడుగులు కొనమనండి. తోలు తొడుగులూ గుడ్డ తొడుగులూ మందును పీల్చుకుని చేతికే పట్టిస్తాయి.

ఒక మధ్యాహ్నం నేను కళ్లారా చూసింది ఇది. కుర్రాడికి ఇరవై రెండేళ్లుంటాయి. వీపు మీది ట్యాంకు కారుతోంది, చొక్కా వెనక నడుము దాకా తడిసి ఒంటికి అతుక్కుంది. నాజిల్ మూసుకుపోతే విప్పి, నోట్లో పెట్టి ఊది, ప్యాంటుకు తుడిచి మళ్లీ బిగించాడు. అదే చేత్తో జేబులోంచి ఫోను తీసి మాట్లాడాడు. సాయంత్రం ఆ చొక్కా ఇంట్లో పసిపిల్ల గుడ్డలతో కలిపి నానబెట్టారు. ఎవరినీ తిట్టాల్సిన పని లేదు. ఈ ఒక్క రోజులో అయిదు చోట్ల మార్పు చేయవచ్చని మాత్రం చూడండి. కారే మూతకు కొత్త వాషరు వేయించడం. నాజిల్ కోసం పాత టూత్‌బ్రష్ ఒకటి ట్యాంకుకు దారంతో కట్టి ఉంచడం. సబ్బు, ఒక బిందె మంచినీళ్లు గట్టు మీద పెట్టుకోవడం. ఫోను ఇంట్లోనో చెట్టు కిందనో వదిలి వెళ్లడం. మందు కొట్టిన బట్టలు విడిగా, తొడుగులు వేసుకుని ఉతకడం. కారే ట్యాంకును బాగు చేయించడమే వీటన్నిటిలో ముఖ్యం, ముగ్గురిలో ఒకరుగా మెకానిక్కు పేరు కూడా చెప్పింది ఇందుకే.

మిగతావి: గాలి వీపు వైపు నుంచో పక్క నుంచో వీయాలి, ఎదురుగా కాదు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు పని ముగించాలి. మందు కొట్టిన చేలో మళ్లీ ఎన్ని గంటల తర్వాత అడుగుపెట్టవచ్చో లేబుల్ మీద ఉంటుంది, కలుపు తీసేవాళ్లకు ఆ సంగతి చెప్పేదెవరో ముందే అనుకోవాలి. ఖాళీ డబ్బాను మూడుసార్లు కడిగి, ఆ నీళ్లు ట్యాంకులోనే పోసి, డబ్బాకు చిల్లు పెట్టాలి. తాగే సీసాలోకి మందు ఒంపి ఉంచడం అన్నది ఏ కారణం మీదా జరగకూడదు. గర్భవతులూ పాలిచ్చే తల్లులూ కలపడం, కొట్టడం, ఆ బట్టలు ఉతకడం మూడూ మానాలి.

విషం ఎక్కిన లక్షణాలు ఇంటిల్లిపాదికీ నోటికి రావాలి. ఆర్గానోఫాస్ఫేట్ రకం మందులైతే కంటిపాప సూదిమొనంత అవుతుంది, నోట్లో చొంగ, విపరీతమైన చెమట, వాంతులు, కండరాలు అదరడం, ఊపిరి అందకపోవడం కనిపిస్తాయి. వెంటనే గాలి ఉన్న చోటికి తెచ్చి, బట్టలన్నీ విప్పేసి, సబ్బు నీళ్లతో బాగా కడగాలి. కడిగేవాళ్ల చేతులకు తొడుగులుండాలి. కంట్లో పడితే పదిహేను నిమిషాల పాటు ధారగా నీళ్లు పోయాలి. మింగితే వాంతి చేయించకూడదు. ఉప్పునీళ్లు తాగించడం, గొంతులో వేలు పెట్టడం ప్రాణం మీదికి తెస్తాయి. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు మందు డబ్బా గానీ దాని లేబుల్ గానీ వెంట ఉండాలి. ఆర్గానోఫాస్ఫేట్‌కు అట్రోపిన్ అనే విరుగుడు ఉంది, కలుపుమందు పారాక్వాట్‌కు విరుగుడే లేదు. డాక్టరుకు ఏ మందో తెలియడం మీద వైద్యం ఆధారపడి ఉంటుంది.

ఇక నిల్వ. ప్రతి ఇంటికీ తాళం పెట్టె ఇస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు, నేనూ అనుకున్నాను. శ్రీలంకలో వందకు పైగా ఊళ్లలో దీన్ని పెద్ద ఎత్తున పరీక్షించారు, ఫలితాలు 2017లో వచ్చాయి. తాళం పెట్టెలు ఇచ్చిన ఊళ్లలో చనిపోవాలని పురుగుమందు తాగే ఘటనలు తగ్గినట్టు ఆధారం దొరకలేదు. అదే దేశంలో అత్యంత ప్రమాదకరమైన మందుల్ని ఒక్కొక్కటిగా నిషేధించుకుంటూ వచ్చాక, 1995 తర్వాతి పదేళ్లలో ఆత్మహత్యల రేటు దాదాపు సగానికి పడిపోయింది. చిన్నపిల్లల కోసం తాళం ఉండాల్సిందే. కానీ అసలు మార్పు ఏ మందు కొంటున్నాం, ఎంత కొంటున్నాం అన్న దగ్గర ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో మొదటి తరగతి కింద, అంటే అత్యంత ప్రమాదకరమైనవిగా, ఉన్నవి ఊళ్లోకి రాకుండా చూడండి. వ్యవసాయ అధికారితో మాట్లాడి అదే పురుగుకు తక్కువ విషం ఉన్న ప్రత్యామ్నాయాల పేర్లు గోడ మీద రాయించండి. అవసరమైనంతే కొనమనండి, మిగిలింది పడుకునే ఇంట్లో ఉంచవద్దనండి.

6. ఎండ, నీళ్లు, మరుగుదొడ్డి

మధ్య అమెరికాలో, ముఖ్యంగా ఎల్ సాల్వడార్, నికరాగువా చెరకు తోటల్లో, బీపీ గానీ షుగర్ గానీ లేని వయసు కుర్రాళ్ల కిడ్నీలు పాడవుతున్నాయి. కారణాల మీద ఇంకా పరిశోధనలు జరుగుతున్నాయి గానీ, మండుటెండలో విరామం లేని పని, ఒంట్లో నీరు ఇంకిపోవడం అందులో పెద్ద భాగమని ఎక్కువమంది ఒప్పుకుంటారు. అక్కడ మొదలుపెట్టిన మార్పుకు మూడు మాటలే పేరు: నీరు, నీడ, విశ్రాంతి.

పావుగంట, ఇరవై నిమిషాలకోసారి ఒక గ్లాసు నీళ్లు తాగాలి, దాహం వేసేదాకా ఆగకూడదు. అలాగని గంటలో లీటరున్నర దాటి తాగడమూ మంచిది కాదు. చాలా రోజుల విరామం తర్వాత ఎండలో పనికి దిగేవాళ్లు, కొత్తవాళ్లు మొదటి రోజు అయిదో వంతు పనే చేసి రోజుకింత పెంచుకుంటూ పోవాలి. ఎండ పనిలో మొదటి వారం చాలా ప్రమాదకరం. మనిషి తికమకగా మాట్లాడినా, తూలినా, స్పృహ తప్పినా అది వడదెబ్బ. ముందు నీడలో పడుకోబెట్టి ఒళ్లంతా నీళ్లు పోసి విసరండి, బండి కోసం ఫోను ఇంకొకరు చేస్తారు. చల్లబరచడం ఆసుపత్రికి వెళ్లాక మొదలుపెడితే ఆలస్యమైపోతుంది. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోయకండి.

ఇంతా చెప్పాక ఒక ఊళ్లో ఆడవాళ్లంతా నీళ్ల సీసాలు నిండుగా వెనక్కి తెస్తున్నారు. ఎందుకో చాలా రోజులు అర్థం కాలేదు. చివరికి ఒక పెద్దావిడ నవ్వి, "తాగితే ఎక్కడికెళ్లమంటావు తల్లీ?" అంది. చాటు లేని పొలంలో ఉదయం నుంచి సాయంత్రం దాకా ఆపుకోవాలంటే నీళ్లు తాగకపోవడమే దారి. మూత్రంలో మంట, జ్వరాలు, నెలసరి రోజుల్లో పనికి రాకపోవడం అన్నీ అక్కడి నుంచే. నాలుగు కర్రలు, మూడు వైపుల టార్పాలిన్, ఒక గుంట, పక్కన మట్టి. గుంట బావికి దూరంగా ఉండాలి. ఒక పూట పని. నీళ్లు తాగమని ప్రచారం చేయడానికి ముందు ఇది కట్టించండి.

7. యంత్రాలు, దుమ్ము, పశువులు

ట్రాక్టరు వెనక తిరుగుతూ ఇంజను శక్తిని వేరే యంత్రానికి అందించే పీటీవో షాఫ్టు మామూలుగా నిమిషానికి 540 చుట్లు, అంటే సెకనుకు తొమ్మిది. చీర కొంగు, లుంగీ అంచు, విప్పిన జుట్టు చిక్కుకున్నాయని తెలిసేలోపు అయిపోతుంది. దాని మీద కవచం లేకుండా ఊళ్లో ఒక్క బండీ తిరగకుండా చూడాలి. ట్రాక్టరు బోల్తాకు రక్షణ దాని మీది ఇనుప చట్రం, సీటు బెల్టు. కొత్త ట్రాక్టర్లకు ఈ చట్రాన్ని స్వీడన్ 1959లోనే తప్పనిసరి చేసింది. పిల్లల్ని మడ్‌గార్డు మీద కూర్చోబెట్టుకోవడం ముద్దుగానే ఉంటుంది, మానేయాలి. చేయి చాచినంత దూరంలో ఉన్న మనిషితో అరిచి మాట్లాడాల్సి వస్తోందంటే ఆ చప్పుడు చెవిని తింటున్నట్టే, ఇయర్‌ప్లగ్‌లు పెట్టించండి.

బూజు పట్టిన ఎండుగడ్డి, ధాన్యం కదిపిన నాలుగు నుంచి ఎనిమిది గంటల తర్వాత చలితో జ్వరం, దగ్గు, ఆయాసం వచ్చి ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతే దాన్ని జలుబనుకుని వదిలేస్తారు. ఏటా అదే జరుగుతుంటే అది 'ఫార్మర్స్ లంగ్', ఊపిరితిత్తులు మెల్లగా గట్టిపడతాయి. పుస్తకంలో తేదీలు పక్కపక్కనే కనిపిస్తేనే ఇది పట్టుబడుతుంది.

నీళ్లు నిలిచిన చేలో దిగినవాళ్లకు జ్వరం, పిక్కల నొప్పి, కళ్లెర్రబడటం వస్తే ఎలుకల మూత్రం నుంచి సోకే లెప్టోస్పైరోసిస్ కావచ్చు. "నీళ్లలో దిగాను" అన్న ముక్క డాక్టరుకు చెప్పి తీరాలి. పశువు ఈసుకుపోయినప్పుడు (కడుపు పోయినప్పుడు) మాయను ఉత్త చేతులతో ముట్టుకోకూడదు, పచ్చిపాలు తాగకూడదు, బ్రూసెల్లోసిస్ వస్తుంది. నెలల తరబడి వచ్చిపోయే జ్వరం, కీళ్లనొప్పులు దాని గుర్తులు. పాము కరిస్తే కోయడం, పీల్చడం, తాడు బిగించి కట్టడం వద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి, మనిషిని నడిపించకుండా యాంటీవెనం (పాము విషానికి విరుగుడు) ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఏ ఆసుపత్రిలో ఉందో ఈ వారమే ఫోన్ చేసి కనుక్కుని పుస్తకం అట్ట మీద రాసుకోండి, కరిచిన రాత్రి వెతుక్కోకూడదు.

8. మనసు సంగతి

"డిప్రెషన్ ఉందా?" అని అడిగితే ఎవరూ ఉందనరు. జింబాబ్వే రాజధాని హరారేలో డిక్సన్ చిబండా అనే మానసిక వైద్యుడు 2006లో ఒక పద్ధతి మొదలుపెట్టాడు. ఆరోగ్య కేంద్రాల ఆవరణలో చెక్క బల్లలు వేయించి, కొద్దిగా శిక్షణ ఇచ్చిన అమ్మమ్మల్ని వాటి మీద కూర్చోబెట్టాడు. వాళ్లు జబ్బు పేరెత్తరు. అక్కడి షోనా భాషలో 'అతిగా ఆలోచించడం' అనే అర్థం వచ్చే మాట వాడతారు. ఎదుటి మనిషి కష్టాలన్నీ విని, అందులోంచి ఒక్క సమస్య ఎంచుకుని, దానికి రేపు చేయగల ఒక్క పని ఇద్దరూ కలిసి అనుకుంటారు. ఇది పనిచేస్తుందని 2016లో వెలువడిన అధ్యయనం చూపించింది. మనకూ మాటలున్నాయి. నిద్ర పట్టడం లేదు, మనసు మనసులో లేదు, ఏ పనీ చేయబుద్ధి కావడం లేదు, బుర్ర వేడెక్కిపోతోంది. వాటితోనే అడగండి.

రైతులో గుర్తులు మాటల కన్నా ముందు పనిలో కనబడతాయి. ఎప్పుడూ శుభ్రంగా ఉండే పశువుల పాక పేడతో నిండిపోతుంది. మోటారు చెడితే పట్టించుకోడు. నలుగురు కూర్చునే చోటికి రాడు. ఉన్నట్టుండి ఇష్టమైన ఎద్దునో పనిముట్లనో ఎవరికో ఇచ్చేస్తాడు. పాలు సేకరించే మనిషి "ఆయన రెండ్రోజులుగా క్యాను పంపట్లేదండీ" అంటే ఆ సాయంత్రమే వెళ్లండి. ఏదో పని కల్పించుకుని వెళ్లండి, పక్కన కూర్చుని మంచం నేస్తూనో దారం వడుకుతూనో మాట్లాడండి.

అనుమానం వస్తే సూటిగా అడగాలి: "అన్నా, చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. చాలామంది ఎవరైనా అడిగితే బాగుండునని చూస్తుంటారు. అవునంటే, ఆ రాత్రి ఒంటరిగా వదలకండి. ఇంట్లోని పురుగుమందులు మీతో పట్టుకెళ్లిపోండి. మర్నాడు డాక్టరు దగ్గరికి మీరే తోడు వెళ్లండి. "ధైర్యంగా ఉండు, పిల్లలున్నారు" అని ఉపదేశం చేయకండి, ఆ మాట ఆయన తనకు తాను వందసార్లు చెప్పుకునే ఉంటాడు.

అప్పుల సంగతి తెలిసిన మనిషి ఒకరు మీకు అందుబాటులో ఉండాలి. బ్యాంకు కాగితాలు చదివి, వాయిదా మార్పించుకోవడం ఎలాగో చెప్పగలిగేవారు. కట్టాల్సిన నోటీసు దిండు కింద ఉండగా నిద్రమాత్ర ఒక్కటే ఇచ్చి పంపితే సగం వైద్యమే అవుతుంది.

ఈ మాటలేవీ పుస్తకంలో రాయకండి. పేజీ మూలన మీకు మాత్రమే తెలిసిన చిన్న గుర్తు చాలు. ఊళ్లో ఒక్క ఇంటి సంగతి బయటికి పొక్కితే మిగతా తలుపులన్నీ మూసుకుంటాయి.

9. "పశువుల్ని ఎవరు చూస్తారు?"

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో హామిల్టన్ అనే చిన్న పట్టణం నుంచి 2003లో రైతు కుటుంబాల ఆరోగ్య కార్యక్రమం ఒకటి మొదలైంది. నాకు అందులో నచ్చింది ఏమిటంటే, కుటుంబం ఆరోగ్యాన్ని సేద్యం లెక్కలోనే ఒక పద్దుగా చూశారు, ఒక్కసారి పరీక్షించి వదిలేయకుండా అవే కుటుంబాల్ని తర్వాతి ఏళ్లలోనూ పిలిచారు. నిజానికి పరీక్షించడం కష్టమేమీ కాదు. పరీక్షలో తేడా తేలిన మనిషి డాక్టరు గడప తొక్కేలా చేయడమే కష్టం.

ఎందుకు వెళ్లలేదని అడిగితే డబ్బుల మాట రెండోదో మూడోదో వస్తుంది. మొదటిది పశువులు, లేదా నీటి వంతు. ఆపరేషన్ అయితే పది రోజులు ఎవరు పాలు పితుకుతారు? కాబట్టి ఊళ్లో నాలుగైదు ఇళ్లను ఒక జట్టుగా కలపండి. జట్టులో ఎవరు ఆసుపత్రికి వెళ్లినా మిగతావాళ్లు పాలు, మేత, నీళ్లు చూస్తారు. ఏ ఆవు తన్నుతుందో, ఏది ఎడమ పక్క కూర్చుంటేనే పాలిస్తుందో ముందే ఒకరికొకరు చూపించుకోవాలి. గుండెల్లో బరువన్న ఆయన స్టెంటు వేయించుకున్నది ఇలాంటి ఏర్పాటు కుదిరాకే. అంతకు ముందు మూడుసార్లు తేదీ ఇచ్చి మూడుసార్లూ వెళ్లలేదు.

డాక్టరు దగ్గరికి పంపేటప్పుడు ఒక చీటీ ఇవ్వండి: బీపీ రీడింగులు తేదీలతో, వాడుతున్న మందులు, ఈ నెలలో కొట్టిన పురుగుమందు పేరు, నీళ్లలో దిగారా, పశువు ఈసుకుపోయిందా. తిరిగొచ్చిన రెండో రోజు ఇంటికి వెళ్లి ఏం చెప్పారో, ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో కలిసి చూడండి. బీపీ మాత్రలు నెల రోజులు వాడి, తలనొప్పి పోయిందని ఆపేసేవాళ్లే ఎక్కువ. నెలకోసారి ఆ మాత్రల అట్ట చూపించమని అడగండి. మిగిలిన మాత్రల లెక్క అబద్ధం చెప్పదు.

10. ఏడాదికి ఒకసారి లెక్క

ఎన్ని మీటింగులు పెట్టారు, ఎంతమంది వచ్చారు అన్నవి పక్కన పెట్టండి. పని పలచబడిన నెలలో ముగ్గురూ కూర్చుని పుస్తకం నుంచి ఇవి తీయండి. బీపీ ఎక్కువగా తేలినవాళ్లలో ఇప్పుడు 140/90 లోపు ఉన్నదెందరు? డాక్టరు దగ్గరికి పంపినవాళ్లలో వెళ్లిందెందరు, వెళ్లనివాళ్లు ఏం కారణం చెప్పారు? మందు కలిపేటప్పుడు తొడుగులు వేసుకుంటున్న ఇళ్లెన్ని, అడిగి కాదు, వెళ్లి చూసి. పొలం దగ్గర మరుగు ఎన్నిచోట్ల ఉంది? ఏడాదిలో మీరు ఒక్కసారీ వెళ్లని ఇళ్లు ఏవి?

చివరి ప్రశ్నకు వచ్చే పేర్లు విడిగా రాసుకోండి. ఊరి చివర ఉన్న ఇల్లు, కౌలుకు చేసేవాళ్లు, పనికోసం వేరే చోటి నుంచి వచ్చి మోటారు గదిలో ఉంటున్న కుటుంబం, ఎవరితోనూ కలవని ముసలి దంపతులు సాధారణంగా అందులో ఉంటారు. వచ్చే ఏడాది మొదటి వారం ఆ ఇళ్లతో మొదలుపెట్టండి, రాత్రి ఏడున్నర తర్వాత.